ఒకే బొమ్మలో మళ్ళీ మళ్ళీ వచ్చే అతిథి

పిల్లలూ! చేర్యాల నకాషీ పటం ఎప్పుడైనా చూశారా? చేర్యాల ఇదివరకు మన వరంగల్లు జిల్లాలోదే. 2016 నుంచి సిద్దిపేట జిల్లాలో ఉన్నది. పొడుగాటి గుడ్డమీద, ఎర్రరంగు నేపథ్యంలో కథంతా వరసగా బొమ్మలు వేస్తారు. కథకుడు పటం విప్పుతూ పోతుంటే కథానాయకుడు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాడు. ఒక్కడు ఇంతమంది ఎలా అయ్యాడని ఎవరూ అడగరు.

మన పటాల సంగతి ఎరగకుండానే అమెరికాలో ఒకామె ఇలాంటి పని చేసింది. ఆమె పేరు ఫ్లోరిన్ స్టెట్‌హైమర్. 1871లో పుట్టింది. కలవారి బిడ్డ. న్యూయార్కులోనూ యూరపులోనూ చిత్రలేఖనం నేర్చుకున్నది. 1914లో యుద్ధం రాగా తల్లితో, అక్కతో, చెల్లెలితో న్యూయార్కు తిరిగివచ్చింది.

1916లో అక్కడ తన బొమ్మలతో ప్రదర్శన పెట్టింది. ఒక్క బొమ్మ కూడా అమ్ముడుపోలేదు! అప్పటికామెకు 45 ఏళ్ళు. బతికుండగా మరి సొంత ప్రదర్శన పెట్టనే లేదు. మరి కుంచె కింద పెట్టిందా? లేదు. తన ఇంటికి వచ్చేపోయే వారిని, తనకు నవ్వు తెప్పించిన వింతలను తనకు తోచినట్టు వేయసాగింది. నా మట్టుకు నాకు ఆమె అసలు చదువు అప్పుడే మొదలైందనిపిస్తుంది.

1917లో ఆమె స్నేహితుడు, ఫ్రెంచి చిత్రకారుడు మార్సెల్ దుషాకు 30 ఏళ్ళు నిండాయి. అక్కచెల్లెళ్ళు తోటలో విందు చేశారు. ఆ విందును ఫ్లోరిన్ బొమ్మగా వేసింది. ఒక మూల దుషా ఎర్రకారులో వస్తుంటాడు. ఇంకోచోట తోటలో అడుగుపెడుతుంటాడు. పైన రాత్రివేళ, కాగితపు లాంతర్ల కింద భోజనానికి కూర్చుని ఉంటాడు. పగలూ రాత్రీ ఒకే బొమ్మలో!

1921లో వేసిన బొమ్మ మరీ తమాషా. అది బెండెల్ అనే ఖరీదైన బట్టల దుకాణం. తగ్గింపు ధరల అమ్మకం జరుగుతున్నది. గొప్పింటి స్త్రీలు మెలికలు తిరిగిపోతూ గౌన్లకోసం పెనుగులాడుతుంటారు. దసరా ముందు మన బట్టలకొట్లు చూసినవారికి వేరే చెప్పాలా? ఎగతాళి ఉన్నది గాని, అందులో చేదు లేదు; ఆమె కూడా ఆ గుంపులోని మనిషేగా!

ఫ్లోరిన్ 1944లో పోయింది. రెండేళ్ళకు న్యూయార్కులోని ఆధునిక కళా మ్యూజియంవారు ఆమె బొమ్మలు కూర్చి పెద్ద ప్రదర్శన పెట్టారు. చెల్లెలు ఎట్టీ ఆ బొమ్మలను మ్యూజియాలకు ఇచ్చింది. దుకాణం బొమ్మ ఫిలడెల్ఫియాకు చేరింది. దానిమీద సంతకం కోసం వెతికేవారు కింద ఉన్న కుక్కపిల్లను చూడాలి. అది తొడుక్కున్న చొక్కామీద ఫ్లోరిన్ పొడి అక్షరాలున్నాయి.