కుక్కపిల్ల కాటుకు చెప్పుదెబ్బ మందా?

మీ తాతగారింట్లో అటకమీద పాత గ్రామఫోను రికార్డులేమైనా మిగిలివుంటే ఒకటి దించి, దుమ్ము తుడిచి చూడండి. మధ్యనున్న గుండ్రటి కాగితంమీద, గ్రామఫోను గొట్టం ముందు తల ఒక పక్కకు వాల్చి కూర్చున్న కుక్క బొమ్మ కనిపించవచ్చు. అది ‘హిజ్ మాస్టర్స్ వాయిస్’ కంపెనీ గుర్తు. ఎన్నో తెలుగు పాటలు ఆ కుక్కబొమ్మ గిర్రున తిరుగుతూండగానే మన ఇళ్ళలో వినిపించాయి.

ఆ కుక్క చిత్రకారుడి కల్పన కాదు. 1884లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో పుట్టింది. టెర్రియరు జాతి పోలికలున్న కుక్క. పేరు నిప్పర్. అంటే పంటితో నొక్కేది అన్నమాట. ఇంటికి వచ్చినవారి పిక్కలు పట్టుకునే అలవాటుండడంచేత దానికా పేరు వచ్చిందని చెబుతారు. 1895లో అది చనిపోయింది. ఆ తరువాత ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడు వేసిన బొమ్మవల్ల లోకమంతటికీ తెలిసింది. అంత బుద్ధిగా పాట వింటున్న కుక్క పిక్కలు పట్టుకునేదంటే నవ్వు వస్తుంది కదూ?

అలాంటి కుక్కపిల్లే మీ ఇంట్లో వుంటే మాత్రం నవ్వు రాదు. తొమ్మిది వారాల టెర్రియరు పిల్లను తెచ్చుకున్నారనుకోండి. మొదటి రోజు అందరికీ ముద్దే. రెండో రోజుకు మీ చెల్లాయి లంగా అంచు చిరుగుతుంది. మూడో రోజుకు మీ చేతులనిండా ఎర్రని గాట్లు పడతాయి. నాలుగో రోజున నాన్నగారు, “దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దాం” అంటారు. పక్కింటి పెద్దాయన, “కుక్క కాటుకు చెప్పుదెబ్బ అని వూరికే అన్నారా? నాలుగు తగిలించండి, అదే మానుకుంటుంది” అని సలహా ఇస్తాడు.

చెప్పు తీయడానికి ముందు, అసలు అది ఎందుకు కొరుకుతోందో తెలుసుకుందాం.

నోరే చేయి

మీరు పాపాయిగా వున్నప్పుడు ఏ కొత్త వస్తువు కనిపించినా చేత్తో పట్టుకుని చూసేవారు. కుక్కపిల్లకు చేతులు లేవు. వస్తువు మెత్తనా గట్టిదా, ప్రాణమున్నదా లేనిదా అని అది నోటితోనే పరీక్షిస్తుంది. ఆడుకోవడమూ నోటితోనే.

ఇక పళ్ళ సంగతి. కుక్కపిల్ల పుట్టినప్పుడు దానికి పళ్ళుండవు. మూడో వారం నుంచి పాలపళ్ళు మొలవడం మొదలవుతుంది. మొత్తం 28. సూదుల్లా వుంటాయి. సుమారు నాలుగో నెల నుంచి ఇవి ఊడుతూ, ఏడో నెల వచ్చేసరికి 42 శాశ్వత దంతాలు వస్తాయి. (మీకు పాలపళ్ళు 20, పెద్దపళ్ళు 32 కదా. కుక్కతో పోల్చి చూసుకోండి.) పళ్ళు మారే రోజుల్లో చిగుళ్ళు సలుపుతాయి. దేన్నయినా నమలాలనిపిస్తుంది. బల్లకోడు, పుస్తకం అట్ట, మీ వేలు, అన్నీ దానికి ఒకటే.

మూడో కారణం తాతముత్తాతల నుంచి వచ్చింది. లాటిన్ భాషలో ‘టెర్రా’ అంటే భూమి. టెర్రియరు అనే పేరు అందులోంచే పుట్టింది. బ్రిటన్‌లో రైతులూ వేటగాళ్ళూ ఎలుకలనూ నక్కలనూ పట్టడానికి, బొరియల్లో దూరే ఈ చిన్న కుక్కలను తరతరాలుగా ఎంచి పెంచారు. చీకటి బొరియలో ఎదురుతిరిగే జంతువు ముందు వెనకాడే కుక్క వాళ్ళకు పనికిరాదు. కదిలేదాన్ని వెంటాడాలి, పట్టాలి, గట్టిగా విదిలించాలి. ఆ గుణమున్న కుక్కల పిల్లలనే వుంచుకున్నారు. మరి మీ చెల్లాయి పరుగెత్తుతుంటే లంగా అంచు రెపరెపలాడుతుంది. కుక్కపిల్ల కంటికి అది పారిపోయే ఎలుకలాంటిదే! దాన్ని పట్టుకుని తల అటూ ఇటూ విదిలించడం మీ పిల్ల సొంతంగా కనిపెట్టిన చెడ్డపని కాదు, పుట్టుకతో వచ్చిన విద్య.

అమెరికాలోని బార్ హార్బర్‌లో జె.పి. స్కాట్, జె.ఎల్. ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు అయిదు జాతుల కుక్కపిల్లలను ఏళ్ళతరబడి పరిశీలించి, 1965లో ఒక గ్రంథం ప్రచురించారు. వాటిలో అన్నిటికంటె ఎక్కువగా పోట్లాడుకునేవి వైరు ఫాక్సు టెర్రియరు పిల్లలే. కాబట్టి టెర్రియరు పిల్లకు శిక్షణలో కొంచెం ఎక్కువ ఓపిక కావాలి.

మొదటి బడి

కొరకడం పుట్టుకతో వస్తుంది. ఎంత గట్టిగా కొరకవచ్చునో మాత్రం నేర్చుకోవలసిందే. ఆ బడి తల్లి దగ్గరే మొదలవుతుంది. రెండు పిల్లలు ఆడుకుంటూ ఒకదాని చెవి ఒకటి కొరుక్కుంటాయి. ఒకటి మరీ గట్టిగా కొరికితే రెండోది ‘కుయ్యి’మని ఆట మానేసి పోతుంది. కొరికినదానికి ఆడుకునే జత పోయింది. ఇలా పదే పదే జరిగితే, ‘గట్టిగా కొరికితే ఆట పోతుంది’ అనే పాఠం వంటబడుతుంది. పాలు తాగేటప్పుడు పళ్ళు గుచ్చుకుంటే తల్లి లేచిపోతుంది. అదీ పాఠమే.

నాలుగైదు వారాలకే తల్లి నుంచి వేరు చేసిన పిల్లకు ఈ పాఠాలు సగంలోనే ఆగిపోతాయి. ఎనిమిది వారాలు నిండని పిల్లలను పెంపకందార్లు అమ్మరాదని 2017లో కేంద్ర ప్రభుత్వం నియమం చేసింది.

ఈ బడికి సెలవులు త్వరగా వస్తాయి. బార్ హార్బర్‌లోనే 1961లో మరో ప్రయోగ ఫలితాలు ప్రకటించారు. మనుషుల స్పర్శ లేకుండా కంచెవేసిన పొలంలో కుక్కపిల్లలను పెంచారు. వేర్వేరు వయసుల్లో కొన్నింటిని తీసుకువచ్చి వారంపాటు మనుషులతో మెలగనిచ్చారు. తొమ్మిది వారాలలోపు మనిషిని ఎరిగినవి బాగానే మచ్చికయ్యాయి. 14 వారాలదాకా మనిషిని ఎరగనివి ఆ తరువాత సరిగా మచ్చిక కాలేదు. మొక్కై వంగనిది మానై వంగునా? మీ పిల్ల ఇప్పుడు మొక్కే. కాని మీకున్న వ్యవధి వారాల్లో లెక్క, ఏళ్ళలో కాదు.

చెప్పుదెబ్బ ఏం నేర్పుతుంది?

కొట్టగానే కుక్కపిల్ల వదిలేస్తుంది, నిజమే. అయితే అది నేర్చుకున్నదేమిటి? ‘మనిషి చేయి దగ్గరకు వస్తే నొప్పి’ అని. ఇక ఆ చేయి తల నిమరడానికి వచ్చినా అది బెదురుతుంది. బెదిరిన కుక్క ఆటకు కాదు, ఆత్మరక్షణకు కొరుకుతుంది. ఆ కాటు వేరే జాతి. ఇంకో ప్రమాదం వుంది. గుర్రుమన్నప్పుడల్లా కొడితే అది గుర్రుమనడం మానేస్తుంది. అంటే హెచ్చరిక పోతుంది, కోపం పోదు. అలాంటి కుక్క రేపు చప్పుడు చేయకుండానే కరుస్తుంది.

మరేం చేయాలి?

1898లో థార్న్‌డైక్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఆకలిగా వున్న పిల్లులను గడియపెట్టిన పెట్టెల్లో వుంచి పరిశీలించాడు. మేలు కలిగించిన పనిని జంతువు మళ్ళీ మళ్ళీ చేస్తుంది. ఫలితమివ్వని పనిని క్రమంగా వదిలేస్తుంది. దీన్నే ఆయన ‘ఫలిత నియమం’గా చెప్పాడు. మీ పని ఈ నియమాన్ని ఇంట్లో అమలుచేయడమే.

పళ్ళు తగలగానే కదలకుండా నిలబడండి. చేయి విదిలించి లాక్కోకండి. లాగితే అది మీ పిల్లకు ఎలుకాట! అరుస్తూ పరుగెత్తినా అంతే. కొన్ని పిల్లలు మీరు ‘అబ్బా’ అనగానే ఆగుతాయి. చాలా టెర్రియరు పిల్లలకు మాత్రం కీచుమనే చప్పుడు మరింత హుషారు తెప్పిస్తుంది. కాబట్టి చప్పుడు చేయకుండా చేతులు కట్టుకుని పక్కకు తిరగండి. వదలకపోతే అడ్డుపలకకు అవతలికి వెళ్ళి అరనిమిషం వుండి రండి. కోపంగా చూడనక్కరలేదు. ఆట ఆగిపోయింది, అంతే.

తిరిగివచ్చాక దానికి కొరకడానికి వేరే వస్తువు ఇవ్వండి. పాత తువ్వాలును ముడివేసి, తడిపి, ఫ్రిజ్జులో కొంతసేపు వుంచితే చిగుళ్ళకు హాయిగా వుంటుంది. పాత చెప్పు మాత్రం ఇవ్వకండి. పాత చెప్పుకూ నాన్నగారి కొత్త చెప్పుకూ తేడా దానికి తెలియదు. ఉడికిన కోడి ఎముకలు కూడా వద్దు. అవి చీలి గొంతులో గుచ్చుకుంటాయి.

పళ్ళు తగిలించకుండా నాకినప్పుడు, బుద్ధిగా కూర్చున్నప్పుడు, దాని రోజువారీ తిండిలోంచే ఒక మెతుకో గింజో అందించండి. పెరట్లో ఒక మూల ఇసుక పోసి బొమ్మ పాతిపెట్టండి. తాతముత్తాతల విద్య అక్కడ చూపించుకుంటుంది. నిద్ర కూడా మరవకండి. ఈ వయసు పిల్ల రోజులో 18 గంటలైనా పడుకోవాలి. సాయంత్రం పిచ్చిగా పరుగెత్తుతూ కనిపించినవాళ్ళనల్లా కొరుకుతుంటే, దానికి కావలసింది ఆట కాదు, నిద్ర.

ఇక్కడే చాలామంది ఓడిపోతారు

మీరు స్నేహితుడి ఇంటికి వెళ్ళి కాలింగ్ బెల్ నొక్కారు. ఎవరూ రాలేదు. వెంటనే తిరిగివచ్చేస్తారా? రారు. మళ్ళీ నొక్కుతారు. ఇంకా గట్టిగా, వరసగా నొక్కుతారు. ఆ తరువాతే విసిగి వెళ్ళిపోతారు. కుక్కపిల్లా అంతే. ఇన్నాళ్ళూ కొరికితే ఆట దొరికేది, ఇప్పుడు దొరకడం లేదు. కాబట్టి మొదట కొరకడం తగ్గదు, పెరుగుతుంది! “ఈ పద్ధతి పనిచేయడం లేదు” అని ఇంట్లోవాళ్ళు సరిగ్గా అప్పుడే చెప్పు తీస్తారు. నిజానికి పద్ధతి పనిచేయడం మొదలైందనడానికి అదే గుర్తు కావచ్చు.

రెండో చిక్కు మరీ మోసకరమైనది. మీరూ అమ్మా నియమం పాటిస్తున్నారు. మీ బాబాయి మాత్రం సాయంత్రం వచ్చి, వేళ్ళు ఆడిస్తూ దానిచేత కొరికించుకుని నవ్వుతాడు. రోజుకు ఒక్కసారే కదా అనుకోకండి. స్కిన్నర్ అనే శాస్త్రజ్ఞుడు పావురాలమీదా ఎలుకలమీదా చేసిన ప్రయోగాల్లో, ప్రతిసారీ తిండి దొరికిన జంతువుకంటె అప్పుడప్పుడు దొరికినదే, తిండి ఆపేశాక కూడా ఎక్కువకాలం ప్రయత్నం మానలేదు. కాలవగట్టున గాలం వేసి కూర్చున్నవాణ్ణి చూడండి. చేప ఎప్పుడో ఒకటి పడుతుంది, అందుకే లేవడు. బాబాయి మీ పిల్లకు గాలం వేయడం నేర్పుతున్నాడన్నమాట. కాబట్టి ఇంట్లో అందరిదీ ఒకే మాటగా వుండాలి.

మీరే చేసిచూడండి

ఒక నోటుపుస్తకంలో నాలుగు గడులు గీయండి. పళ్ళు తగిలిన వేళ, అంతకుముందు ఏం జరుగుతోంది, మీరేం చేశారు, చర్మం ఎర్రబడిందా, గాటుపడిందా, ఏమీ కాలేదా. మూడు వారాలు రాసి, రోజుకు ఎన్నిసార్లో గ్రాఫు గీయండి. మొదట కొంచెం పైకి లేచి, తరువాత క్రమంగా దిగే గీత మీకూ రావచ్చు. సాయంత్రం వేళలోనే ఎక్కువ చుక్కలు పడితే నిద్ర చాలడం లేదని తెలుస్తుంది. చెల్లాయి పక్కనే పడితే, ఆమె పరుగెత్తకుండా నిలబడడం నేర్చుకోవాలి. “ఇచ్చేద్దాం” అన్న నాన్నగారికి ఈ గ్రాఫు చూపించండి. బతిమాలడంకంటె అది బాగా మాట్లాడుతుంది.

ఒళ్ళు బిగబట్టి, కళ్ళార్పకుండా చూస్తూ, తిండి దగ్గరకు ఎవరు వచ్చినా గుర్రుమంటే మాత్రం అది ఆట కాదు. ఆటాడే పిల్ల ముందుకాళ్ళు వంచి, వెనకభాగం పైకెత్తి, ఒళ్ళు వదులుగా వుంచుతుంది. బిగుసుకునే పిల్లను పశువైద్యునికి చూపించండి.

దాచకూడని సంగతి

చివరిది అన్నిటికంటె ముఖ్యం. ఆటలో అయినా సరే, పన్ను దిగి రక్తం వచ్చినా, చర్మం గీరుకుపోయినా దాచిపెట్టకండి. ‘చెబితే కుక్కపిల్లను పంపించేస్తారు’ అనే భయంతో దాచాలనిపిస్తుంది. ఆ పని చేయవద్దు. రేబీస్ వ్యాధి చిన్నపిల్లల్లోనూ వుండవచ్చు. దాని టీకాను కుక్కపిల్లకు సాధారణంగా మూడు నెలలు నిండాక వేస్తారు. అంటే తెగ కొరికే వయసులోనే దానికి ఆ రక్షణ వుండదు! వ్యాధి లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం. ముందే జాగ్రత్తపడితే పూర్తిగా తప్పించుకోవచ్చు.

వెంటనే గాయాన్ని ధారగా పడే నీటికింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. రేబీస్ వైరసుకు పైపొరలో కొవ్వు వుంటుంది. సబ్బు ఆ పొరను చీల్చేస్తుంది. కారం, సున్నం, పసుపు పెట్టకండి. పెద్దవాళ్ళకు చెప్పి అదేరోజు డాక్టరు దగ్గరకు వెళ్ళండి. బొడ్డుచుట్టూ 14 ఇంజక్షన్లని భయపడకండి. ఆ పాతకాలపు టీకా 2005 నాటికే మనదేశంలో ఆగిపోయింది. ఇప్పుడు భుజం దగ్గర చర్మంలోకి 0, 3, 7, 28 రోజుల్లో వేస్తున్నారు. 1885 జూలైలో జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాడికి పిచ్చికుక్క కరిచినప్పుడు, అతన్ని పారిస్‌లో లూయీ పాశ్చర్ దగ్గరకు తీసుకువెళ్ళారు. అదివరకు ఏ పిల్లవాడికీ లేని అవకాశం అతనికి దొరికింది. మీకు అది దగ్గరలోని ప్రభుత్వాసుపత్రిలోనే వుంది.

ఇక పక్కింటి పెద్దాయనకు ఏం చెబుతారు? కుక్కపిల్ల కాటుకు మందు చెప్పుదెబ్బ కాదనీ, కాటుకు సబ్బునీళ్ళూ టీకా, కొరకడానికి ఓపికా నియమమూ మందులనీ చెప్పండి. నమ్మకపోతే మీ నోటుపుస్తకం చూపించండి.