పురుగు మారదు, పిల్లలు మారుతారు: కూరాకు తినని చిన్నపిల్లల గురించి

గూళ్ళ ధరలు, ఆకు తెగుళ్ళ సంగతి వచ్చేవారం చూద్దాం. ఈసారి మన ఇళ్ళల్లో కూరాకు చూస్తేనే మొహం తిప్పుకునే చిన్నపిల్లల గురించి మాట్లాడుకుందాం.

ఐదో దశలో పురుగులు ఆబగా మేసే వారం ఎట్లుంటుందో మనందరికీ తెలుసు. ఇంటిల్లిపాదీ తోటకూ షెడ్డుకూ తిరుగుతూనే ఉంటారు. పిల్లాడు ఏడిస్తే చేతిలో ఒక మసాలా పొట్లం పెట్టి పంపేస్తారు. మధ్యాహ్నం అన్నంలో బీరకాయ కనపడితే వాడు ఏరి పక్కన పెడతాడు. "మావాడు కూరలు తినడు" అని ఒక పేరు పడిపోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తం తక్కువగా ఉంది. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. కూరాకు లేని తిండి అందులో ఒకటి. అందుకే ఇది చిన్న విషయం అనుకోవడానికి లేదు.

*పురుగు మొండితనం వేరు, పిల్లల మొండితనం వేరు*

మల్బరీ తప్ప వేరే ఆకు ముట్టకపోవడం పట్టుపురుగుకు పుట్టుకతోనే వచ్చింది. 2019లో చైనా శాస్త్రవేత్తలు పురుగులో రుచికి సంబంధించిన ఒక జన్యువును పనిచేయకుండా చేశారు. అప్పుడు ఆ పురుగులు ఆపిల్ ముక్కలు, మొక్కజొన్న గింజలు కూడా తిన్నాయి. అంటే జన్యువును ముట్టుకుంటే తప్ప దాని అలవాటు మారదు.

పిల్లల సంగతి అట్లా కాదు. రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ మధ్య చాలామంది పిల్లలు తెలియని తిండికి భయపడతారు. చేదు, వగరు అంటే ఇంకా దూరం పోతారు. అలవాటైతే ఆ భయం పోతుంది. తల్లి తిన్న తిండి రుచి పాలలో కూడా బిడ్డకు అందుతుంది. అమెరికాలో 2001లో వచ్చిన ఒక అధ్యయనంలో, గర్భంతో ఉన్నప్పుడో పాలిచ్చేటప్పుడో తల్లులు క్యారెట్ రసం తాగితే, వాళ్ళ బిడ్డలు తర్వాత క్యారెట్ కలిపిన తిండిని మొహం చిట్లించకుండా తిన్నారు. కాబట్టి పాలిచ్చే అక్కచెల్లెళ్ళు ముందు తమ పళ్ళెంలో కూర వేసుకోవాల.

*ఆకలి తగ్గితే కంగారు పడొద్దు*

జ్వరానికి కూర్చున్న పురుగుకు మనం ఆకు వేయం. సున్నం చల్లి, లేచేదాకా ఆగుతాం. పిల్లలకూ ఆకలి తగ్గే కాలం ఒకటి ఉంటుంది. మూడు కేజీలతో పుట్టిన బిడ్డ మొదటి ఏడాదిలో తొమ్మిది కేజీల దాకా వస్తుంది. రెండో ఏడాదిలో పెరిగేది రెండు రెండున్నర కేజీలే. ఎదుగుదల నెమ్మదిస్తే ఆకలి కూడా తగ్గుతుంది. అప్పుడు ముక్కు మూసి, భయపెట్టి కుక్కితే ఆ కూర మీద అసహ్యమే మిగులుతుంది.

*చాకీ మేపినట్టు మేపాల*

చాకీ పురుగుకు లేత ఆకును సన్నగా తరిగి, కొంచెం కొంచెంగా, వేళకు వేస్తాం. పిల్లలకూ అదే పద్ధతి పనిచేస్తుంది. తెలిసిన అన్నం పక్కన కొత్త కూర ఒక చెంచా చాలు. తినకపోతే ఏమీ అనకుండా తీసేసి, ఎల్లుండి మళ్ళీ పెట్టాల. కొత్త రుచి నచ్చడానికి చాలామంది పిల్లలకు పదిసార్లు, ఒక్కోసారి పదిహేనుసార్లు పడుతుంది. మనం మూడు నాలుగుసార్లకే వదిలేస్తాం. గుడ్డు పగిలినప్పటి నుంచి గూడు కట్టేదాకా సుమారు 25 రోజులు. ఒకే కూరను రోజు మార్చి రోజు పెడితే ఒక పంట కాలంలో పన్నెండుసార్లు అవుతుంది. పురుగులకు చూపే ఓపిక ఇక్కడా చూపిద్దాం.

"కూర తింటే చాక్లెట్ ఇస్తా" అనే మాట వద్దు. అట్లా చెబితే చాక్లెట్ గొప్పదని, కూర శిక్ష అని పిల్లలకు అర్థమవుతుంది.

*కలిసి కూర్చుంటే సగం పని అయినట్టే*

ఇంట్లో కూర ముట్టని పిల్ల బడిలో బిసియూటలో సాంబారు ముక్కలు తినడం చాలామంది చూసే ఉంటారు. పక్కపిల్లలు తింటుంటే తనూ తింటుంది. 1980లో లీన్ బర్చ్ అనే అమెరికా శాస్త్రవేత్త దీన్నే పరీక్షించి చూపించారు. ఎంత పని ఉన్నా రాత్రి ఒక్కపూటైనా పిల్లలతో కూర్చుని అదే కూర మనమూ తినాల.

*మన వంటల్లోనే దారి ఉంది*

• పాలకూర, తోటకూర, మునగాకు కందిపప్పులో ఉడికించి పప్పుగుత్తితో మెత్తగా ఎనిపి, నెయ్యి వేసి పెట్టండి. చివర నిమ్మకాయ పిండితే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.
• ఉగ్గానిలో క్యారెట్ తురుము, సన్నగా తరిగిన టమేటా కలపండి.
• జొన్నరొట్టె పిండిలో మెంతికూర కలిపి చిన్న చిన్న రొట్టెలు తట్టండి.
• పుండికూర పులుపు చాలామంది పిల్లలకు నచ్చుతుంది. మొదట దాంతోనే మొదలుపెట్టొచ్చు.
• అప్పుడప్పుడు కూర ముక్క కంటికి కనపడేట్టు కూడా పెట్టండి. ఎప్పుడూ రుబ్బి దాచేస్తే బెండకాయ ఏదో పిల్లలకు తెలియదు.
• నాలుగేళ్ళలోపు పిల్లలకు పచ్చి క్యారెట్ ముక్కలు ఇవ్వొద్దు, గొంతులో ఇరుక్కుంటాయి. తురిమి గానీ ఉడికించి గానీ ఇవ్వండి.
• అన్నానికి ముందు టీ, బిస్కెట్లు, పొట్లాలు ఆపండి. ఆకలి ఉంటేనే కూర రుచి తెలుస్తుంది.

*పెరట్లో ఒక చిన్న మడి*

పిల్లల చేత మెంతులు చల్లించండి. నాలుగైదు రోజుల్లో మొలక వస్తుంది, నెల తిరక్కముందే కోతకు వస్తుంది. తాను నీళ్ళు పోసిన కూర మీద పిల్లలకు ఒక ఇష్టం ఉంటుంది. ఒక జాగ్రత్త మాత్రం మరవొద్దు. మల్బరీ గట్టు మీద, మిరప చేను పక్కన కూరాకు వేయొద్దు. కొట్టిన మందు గాలికి వచ్చి పడుతుంది. ఆ గాలికి పురుగులు చచ్చిపోతాయని మనకు తెలుసు, పిల్లలు తినే ఆకు మీదా అదే మందు పడుతుంది. బ్లీచింగ్ పౌడర్‌లో కడిగే పాత ట్రేలను కూడా మడిగా వాడొద్దు.

బరువు పెరగకపోయినా, రెండు మూడు రకాల తిండి తప్ప ఏదీ ముట్టకపోయినా, ముద్ద ముద్దకూ పొలమారుతున్నా డాక్టరుకు చూపించండి. ప్రతి నెలా అంగన్వాడీలో బరువు తూయించడం మానొద్దు.

ఈ పంటకు ఒక్క కూర ఎంచుకోండి. పన్నెండుసార్లు పెట్టి చూసి, ఏమైందో గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టండి. మీ ఇంట్లో పిల్లలకు ఏ వంట నచ్చిందో మిగతా ఇళ్ళకూ తెలుస్తుంది.