2 గంటల ఆకాశం.. 56 గంటల సముద్రం

విశాఖ ఓడరేవు నుంచి పోర్టుబ్లెయిర్‌కు సముద్రం మీద దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. విమానానికి అది రెండు గంటల పని. ఓడకు 56 గంటలు పడుతుంది, అంటే గంటకు ఇరవై కిలోమీటర్లు దాటీ దాటని నడక. సత్తువ ఉన్న కుర్రాడు సైకిల్ తొక్కితే వచ్చే వేగం అది. కొన్నేళ్ల కిందట నేను అండమాన్‌కు ఓడలో వెళ్లి, చెన్నై మీదుగా విమానంలో తిరిగొచ్చాను. ఇప్పుడు విశాఖలో క్రూయిజ్ టెర్మినల్ కూడా వచ్చింది కాబట్టి ‘ఓడ బాగుంటుందా, విమానమా?’ అని తెలిసినవాళ్లు తరచూ అడుగుతున్నారు. ఒక్క మాటలో తేలే ప్రశ్న కాదిది. ఎందుకంటే ఓడల్లో రెండు జాతులున్నాయి.

ముందు నేనెక్కిన ఓడ గురించి చెబుతాను. టగ్గు లాగుతుంటే ఓడ రేవు కాలువలోంచి మెల్లగా కదిలింది. ఒడ్డున మూడు కొండలు వరసగా వెనక్కి జరిగాయి. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకన్న గుడి. బంకు దిగి పైకొచ్చిన ప్రయాణికుల్లో ఒకరు శిలువ గుర్తు వేసుకున్నారు, ఒకరు చేతులు పైకెత్తారు, చాలామంది దండం పెట్టారు. ఆ తర్వాత డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని మీద దీపస్తంభం. అదీ చిన్నదై చిన్నదై కనుమరుగయ్యాక నీళ్ల రంగు మారింది. ఆకుపచ్చ పోయి నీలం, నీలం పోయి సిరా నలుపు. ఈ సముద్రాన్ని పెద్దవాళ్లు కాలాపానీ అని ఎందుకన్నారో నాకు ఆ సాయంత్రం కళ్లతో అర్థమైంది.

తెలుగులో ‘ద్వీపాంతరం’ అనే మాట శిక్ష పేరు. రంప పోరాటంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొరకు పడిన ఉరిశిక్ష యావజ్జీవంగా మారితే, ఆయన్ను పంపింది అండమాన్‌కే. శిక్ష అనుభవించి తిరిగొచ్చిన ఆ మనిషి 1952లో విశాఖ నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఆయన ఏ మనసుతో ఈ నీళ్లు దాటి ఉంటాడోనని డెక్కు మీద నిలబడి చాలాసేపు అనుకున్నాను. విమానం కిటికీ దగ్గర కూర్చున్నప్పుడు నాకు ఆయన గుర్తు రాలేదు. గుర్తు రావడానికి వ్యవధి కావాలి. విమానంలో లేనిది అదొక్కటే.

మా బంకు క్లాసులో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంది. పోర్టుబ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో స్థిరపడిన మత్స్యకార కుటుంబం ఆమెది. మనవరాలి పురిటికి వెళ్తోంది. చింతపండు మూట, తాటిబెల్లం, ఆవకాయ జాడీ, వాటితోపాటు గోనెలో చుట్టిన ఒక పొత్రం. విమానంలో అయితే రెండు గంటలే కదమ్మా అన్నాను.

“ఈ పొత్రాన్ని ఇమానం ఎక్కించుకుంటాదేటి బాబూ?” అంది. కాసేపాగి, “నానొక్కదాన్నే ఎల్తే సాలదు. మా ఊరు కూడా కొంచెం ఎల్లాల కదా” అంది.

ఓడకూ విమానానికీ తేడా గురించి ఇంతకంటే బాగా చెప్పినవాళ్లను నేనెరగను. దేశీయ విమానంలో మామూలు టికెట్టుకు లోపలికి వేసే సామాను 15 కిలోలు. నూనె తేలే పచ్చడి జాడీని చేతిసంచిలో రానివ్వరు. ఓడ మనిషిని వాడి ఊరితో సహా మోస్తుంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో ‘రంగం (రంగూన్) వెళ్లొచ్చాడు’ అని ఇప్పటికీ చెప్పుకునే తాతల కథలన్నీ అలాంటి స్టీమర్లలో మొదలైనవే. విశాఖ, కాకినాడ రేవుల నుంచి రంగూన్‌కు కూలికి వెళ్లినవాళ్లు అన్నం కుండతో సహా ఓడెక్కారు.

అలాగని ఓడను ఆకాశానికెత్తను. మొదటి రాత్రి మా బంకుల్లో సగంమంది వాంతులు చేసుకున్నారు, నేను కూడా. కళ్లకు గది కదలనట్టే కనిపిస్తుంది, చెవి లోపలి అవయవం మాత్రం ఊగుతున్నామని చెబుతుంది. ఈ రెండు కబుర్లూ పొసగక కడుపు తిప్పుతుంది. దానికి ఓడవాళ్లు చెప్పే చిట్కాలు పనిచేశాయి: పరగడుపున ఉండొద్దు, ఓడ మధ్యభాగంలో కింది అంతస్తులో ఉండాలి, పైకి వస్తే దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీతను చూడాలి, అల్లం ముక్క బుగ్గన పెట్టుకోవాలి. బంగాళాఖాతం మే నెలలోనూ అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ తుపానులతో ఊగుతుంది. జనవరి నుంచి మార్చి దాకా నెమ్మదిగా ఉంటుంది. ఓడ ప్రయాణానికి అదే కాలం.

రెండో జాతి ఓడ వేరు. 2022 జూన్‌లో ‘ఎంప్రెస్’ అనే క్రూయిజ్ ఓడ విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు తిరిగింది. 1990లో కట్టిన ఆ ఓడలో పదకొండు అంతస్తులు, సుమారు 800 గదులు, ఈతకొలను, నాటకశాల, కాసినో ఉన్నాయి. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో దాదాపు 96 కోట్ల రూపాయలతో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. మా వీధిలో ఒక కుటుంబం డెబ్బై ఎనిమిదేళ్ల తండ్రిని క్రూయిజ్‌కు తీసుకెళ్లింది. మోకాళ్ల నొప్పులున్న ఆయనకు అంత సుఖమైన ప్రయాణం అంతకుముందు లేదట. పెట్టె ఒక్కసారే విప్పాలి, లిఫ్టు ఉంది, భోజనం గది పక్కనే, రోజూ కొత్త రేవు ఆయన దగ్గరికే వస్తుంది. పెద్దవాళ్లున్న ఇంటికి ఇది గొప్ప సదుపాయం, నేను కాదనను.

కానీ క్రూయిజ్‌లో సముద్రం బయటి గోడకు అంటించిన బొమ్మలా ఉంటుంది. మనుషులు సముద్రానికి వీపు పెట్టి కొలను చుట్టూ కూర్చుంటారు. చౌక గదులకు కిటికీ కూడా ఉండదు. టికెట్టు ధరలో తిండి ఉంటుంది గానీ ఇంటర్నెట్, రేవులో ఊరు చూపించే బస్సు లాంటివి చాలావరకు విడిగా కట్టాల్సినవే. ఒక రేవులో దిగితే చీకటి పడేలోగా ఎక్కేయాలి. ఊరిని చూసినట్టు కాదు, ఊరికి చెయ్యూపినట్టు.

ఇంకొక మాట, మనలో చాలామందికి తెలియనిది. విమానం పొగ వదులుతుంది, ఓడ మంచిదని అనుకుంటాం. క్రూయిజ్ విషయంలో అది తప్పు. స్వచ్ఛ రవాణాపై పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐసీసీటీ 2022లో ఒక లెక్క వేసింది. ఐదు రాత్రుల్లో దాదాపు 1,900 కిలోమీటర్లు తిరిగే క్రూయిజ్‌లో ఒక్కో మనిషి వాటాకు సుమారు 500 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంతే దూరం విమానంలో వెళ్లి మంచి హోటల్లో బస చేస్తే అందులో సగం కూడా రాదు. కారణం కష్టమైనదేమీ కాదు. విమానం మనుషుల్నీ కుర్చీల్నీ మోస్తుంది. క్రూయిజ్ వంటశాలలు, కొలనులు, ఏసీలు, చాకిరేవు, ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రాలు, ఒక చిన్న పట్టణాన్నే నీళ్ల మీద ఈడ్చుకుపోతుంది.

ఇక విమానం. తిరుగు ప్రయాణంలో పోర్టుబ్లెయిర్ రన్‌వే వదలగానే కింద పగడపు దీవుల చుట్టూ లేతపచ్చ వలయాలు కనిపించాయి. ఓడ మీద నుంచి ఎప్పటికీ చూడలేని అందం అది. ఆ తర్వాత మబ్బులు, ఆ తర్వాత చెన్నై ఎండ. అయిదు రోజుల సెలవు దొరికే ఉద్యోగికి విమానం తప్ప దారి లేదు. గుండెపోటు వచ్చిన దీవివాసికి విమానమే దేవుడు. దాని విలువను తక్కువ చేసి మాట్లాడటం దీవుల్లో బతికేవాళ్లకు అన్యాయం చేయడమే.

అందుకే నా తీర్పు ఇది. పనికైతే విమానం. నడవలేని పెద్దవాళ్లతో విశ్రాంతికైతే, ఖర్చూ పొగా తెలిసే, ఒకసారి క్రూయిజ్. ప్రయాణం కోసమే ప్రయాణం అయితే, బంకు క్లాసున్న మామూలు ఓడ, అదీ ఒక్క వైపుకే. ఒక దుప్పటి, నిమ్మకాయలు, అల్లం, చదవడానికి రెండు పుస్తకాలు పెట్టుకోండి. అర్ధరాత్రి డెక్కు మీదికి రండి. ఒడ్డు దీపాలేవీ లేని ఆకాశంలో ఎన్ని చుక్కలుంటాయో అక్కడే చూడగలరు.

చిక్కల్లా ఆ ఓడ దొరకడమే. 1,200 మంది పట్టే అండమాన్ ఓడ ‘స్వరాజ్ ద్వీప్’ మన విశాఖలోని హిందూస్థాన్ షిప్‌యార్డులోనే తయారైంది. అండమాన్‌కు ఓడ కట్టిచ్చిన ఊరివాళ్లం, ఓడ ఎప్పుడొస్తుందో తెలియక ఎదురుచూస్తున్నాం. విహారయాత్రకు టెర్మినల్ కట్టినవాళ్లు పొత్రం మూట పట్టుకుని రేవు గేటు ముందు నిలబడే ఆ పెద్దావిడను కూడా లెక్కలో వేసుకోవాలి. విశాఖ నుంచి పోర్టుబ్లెయిర్‌కు నెలకు రెండు ఓడలైనా నడపండి, తేదీలు మూడు నెలల ముందే ప్రకటించండి.