పంజా వీరుడు జాన్ బ్రజెంక్

పాఠశాలలో విరామపు గంట మ్రోగగానే ఇద్దరు బాలురు బల్లకు చెరియొక వైపున చేరి, మోచేతులు బల్లపై ఆనించి, అరచేయి అరచేయి కలిపి, ఒకని చేతిని మరియొకడు వంచుటకు పెనగులాడుట అందఱును చూచియుందురు. చుట్టును చేరిన మిత్రులు రెండు పక్షములుగా చీలి కేకలు వేయుదురు. మన దేశమున దీనిని పంజా కుస్తీ యందురు. 2023వ సంవత్సరమున ప్రో పంజా లీగ్ అను పేర ఇచట పోటీలు జరిగినపుడు హైదరాబాదు నగరము పేరుతో ఒక జట్టు కూడ పాల్గొనినది. బాలుర సరదాగా కనబడు ఈ ఆట కొందఱి చేతులలో యావజ్జీవ సాధన కోరు విద్యగా పెరిగినది.

ఆ విద్యలో మేటి యెవరని అడిగినచో తెలిసినవారు మొదట చెప్పు పేరు జాన్ బ్రజెంక్. అతడు అమెరికా దేశస్థుడు. గిన్నిస్ రికార్డుల గ్రంథము అతనిని సర్వకాలములలోను మేటియైన పంజా యోధుడని పేర్కొనినది. అయినను అతనిని చూచినవారికి ఈ మాట వెంటనే నమ్మబుద్ధి కాదు. అతని బరువు సుమారు 90 కిలోలు మాత్రమే. అతడు పోటీపడిన కాలమున ఈ క్రీడారంగమున క్లీవ్ డీన్ అను యోధుడు ఉండెను. అతడు జార్జియా రాష్ట్రమున పందులను పెంచు రైతు. బరువు 200 కిలోలకు మించినవాడు. అట్టి మహాకాయుల నడుమ బ్రజెంక్ ఒక బాలునివలె కనబడెడివాడు. వారి చేతులను వంచియే అతడు కీర్తి గడించెను.

ఈ క్రీడ పోటీగా రూపొందిన కథయు వినదగినదే. కాలిఫోర్నియా రాష్ట్రమున పెటలూమా అను చిన్న పట్టణము కలదు. అచటి పానశాలలో మిత్రులు కాలక్షేపమునకు పట్టుచుండిన పంజా పందెములను బిల్ సోబెరానెస్ అను పత్రికా రచయిత 1952లో పోటీగా మలచెను. పదియేండ్లు గడచునప్పటికి, అనగా 1962లో, అది ప్రపంచ పోటీ యను పేరు ధరించినది. 1968లో చార్లెస్ షుల్జ్ తన ప్రసిద్ధమైన బొమ్మల కథలో స్నూపీ యను కుక్కను పెటలూమా పోటీలకు పయనింపజేసెను. పాపము, ఆ కుక్క పోటీకి అనర్హమైనది. కారణమేమనగా, దానికి బొటనవ్రేలు లేదు! నవ్వు పుట్టించు మాటయే యైనను ఇందులో ఈ క్రీడ మర్మము కొంత దాగియున్నది. బొటనవ్రేలి పట్టు లేనిదే పంజా లేదు.

బ్రజెంక్ 1964వ సంవత్సరము జూలై నెలలో ఇలినాయి రాష్ట్రమున జన్మించెను. అతని తండ్రియు ఈ పోటీలలో పాల్గొనెడివాడు. కనుక ఆట ఇంటనే పరిచయమైనది. బాల్యముననే మొదలైన సాధన పట్టు, వేగము, ఎదుటివాని చేతిని బట్టి వాని ఎత్తుగడను గ్రహించు నేర్పు అతనికి ఒసగినది. కుడిచేతితోనే గాక ఎడమచేతితోను అతడు గెలుపులు సాధించెను.

ఇంతకు తక్కువ బరువు గలవాడు ఎక్కువ బరువు గలవానిని ఎట్లు జయింపగలడు? దీనికి సమాధానము కండలలో కంటె తులాదండ సూత్రములో ఎక్కువగా దొరకును. తలుపును బందుల చెంత నెట్టి చూడుడు. అది కష్టముమీద కదలును. అదే తలుపును అంచున నెట్టినచో పసిపిల్లవాడు సైతము తెరవగలడు. పంజాలో మణికట్టు తలుపు బందువంటిది. వ్రేళ్ళ చివరలు తలుపు అంచువంటివి. నేర్పరియైన యోధుడు ఎదుటివాని అరచేతిని తిన్నగా నెట్టడు. తన పట్టును పైపైకి జరిపి, వాని వ్రేళ్ళపై ఒత్తిడి తెచ్చును. వ్రేళ్ళు విడిపోయిన వెంటనే మణికట్టు వెనుకకు వ్రాలును. మణికట్టు వ్రాలిన చేయి, ఎంత కండ గలదైనను, సగము ఓడినట్లే.

రెండవ ఉపాయము దీనికి భిన్నమైనది. యోధుడు తన మణికట్టును లోనికి కొక్కెమువలె వంచి, ఎదుటివాని చేతిని తన రొమ్మువైపునకు లాగుకొనును. నిండు బిందెను నడుమునకు ఆనించుకొని నడచు స్త్రీని గమనింపుడు. ఆమె చాల దూరము అలసట లేకయే నడచును. అదే బిందెను చేయి చాచి పట్టుకొనుమన్నచో రెండు నిమిషములైనను నిలువజాలదు. భారము ఒడలికి దగ్గఱగా ఉన్నపుడు వీపు, భుజము, నడుము అన్నియు చేతికి తోడుపడును. దూరమైనపుడు చేయి ఒంటరిదగును. కావున తన చేతిని తనకు దగ్గఱగా ఉంచుకొని, ఎదుటివాని చేతిని వానికి దూరము చేయుటయే పంజా విద్యలో సారము. కొందఱు యోధులు మొదటి ఉపాయమున నిపుణులు, కొందఱు రెండవదానిలో. బ్రజెంక్ రెంటను సమర్థుడు. ఎదుటివాడు ఒక దారిని మూసినచో అతడు క్షణములో రెండవ దారి పట్టెడివాడు. అతని గొప్పతనమునకు ఇదియే ముఖ్యకారణమని చెప్పవలెను.

పోటీలు జరుగు బల్ల మన తరగతిలోని బల్లవంటిది కాదు. యోధులు దానికి ఇరువైపుల నిలుచుందురు. మోచేతులకు రెండు మెత్తలు, చేయి వ్రాలిన చోట తగులుటకు మఱి రెండు మెత్తలు, రెండవ చేతితో పట్టుకొనుటకు చెరియొక పిడి అమర్చబడియుండును. మోచేయి మెత్తను విడిచిన అది తప్పుగా లెక్కింపబడును. పట్టు మాటిమాటికి జారుచున్నచో ఇద్దరి చేతులను పటకాతో కట్టి మరల ఆడింతురు.

ఈ ఆటలో ఒక అపాయము కలదు. చేయి ఒకవైపునకు వంగుచుండగా యోధుడు తన భుజమును, ముఖమును వేఱువైపునకు త్రిప్పినచో, తడిబట్టను పిండినట్లు పైచేతి ఎముక మెలిపడి విఱుగవచ్చును. అందుచేత చూపును, భుజమును ఎల్లపుడు తన చేతివైపునకే ఉంచవలెనని శిక్షకులు మొదటినాడే బోధింతురు. పందెము కాయు బాలురు ఈ సంగతి ఎఱుగక కేవలము పంతమునకు పోవుచుందురు.

బ్రజెంక్ జీవితమున 1986వ సంవత్సరము ప్రధానమైనది. అప్పుడు అతనికి 22 ఏండ్లు. సిల్వెస్టర్ స్టాలోన్ నాయకుడుగా ఓవర్ ది టాప్ అను చలనచిత్రము తయారగుచుండెను. పంజా పోటీలో గెలిచి లారీని బహుమతిగా పొందిన లారీ డ్రైవరు కథ అది. ఆ చిత్రము కొఱకు లాస్ వేగాస్ నగరమున నిజమైన పోటీలనే పెద్దయెత్తున నడిపిరి. తెరపై నాయకునికి లారీ దక్కినది. నిజమైన పోటీలో లారీని గెలుచుకొనినవాడు జాన్ బ్రజెంక్. చిత్రము 1987లో విడుదలై దేశదేశములలో ప్రదర్శింపబడినది. నటుని పేరు లోకమునకు ముందే తెలియును. యోధుని పేరు మాత్రము ఆ క్రీడ నెఱిగిన కొలదిమందికే తెలిసెను.

ప్రపంచ విజేత యనగా ధనరాసులపై కూర్చుండియుండునని మనము తలంతుము. పంజా కుస్తీలో అట్టి ధనము లేదు. బ్రజెంక్ ఉటా రాష్ట్రమున ఒక విమాన సంస్థలో విమానయంత్రములను బాగుచేయు ఉద్యోగము చేసి కుటుంబమును పోషించుకొనెను. మరమ్మతు పనిముట్లు పట్టిన చేతులతోనే అతడు పోటీలకు పోయెడివాడు. పోటీ ముగియగానే మరల పనికి వచ్చెడివాడు. వేతనము కొఱకు ఆడువాడు వేతనము లేని నాడు ఆట మానుకొనును. ఇతనికి మానుకొనవలసిన కారణమే కలుగలేదు.

ఎంతటి మేటికైనను ఓటమి తప్పదు. రష్యా దేశమున సోచి నగరమునుండి వచ్చిన అలెక్సీ వొయెవోదా బ్రజెంక్ కంటె 16 ఏండ్లు చిన్నవాడు, చాల బరువైనవాడు. అతని చేతిలో బ్రజెంక్ ఓడిపోయెను. ఆ వొయెవోదాయే మంచుపై జారు బండి పందెములలోను చేరి 2006 ఒలింపిక్ క్రీడలలో రజత పతకము గెలిచిన జట్టులో ఉండెను. బ్రజెంక్‌ను ఓడింపవలెనని యువయోధులు పడిన తపనను చిత్రించుచు 2009లో పుల్లింగ్ జాన్ అను వార్తాచిత్రము వెలువడినది. ఒకని చేతిని వంచుటయే పలువురి జీవితాశయమగుట కంటె ఆ యోధునికి వేఱు బిరుదు అక్కఱలేదు. 2008లో కెనడా దేశపు సైనికుడైన డెవన్ లారాట్ ఆరు పట్లలో ఆరింటను బ్రజెంక్‌ను ఓడించి అగ్రస్థానమును గైకొనెను.

అప్పటికి బ్రజెంక్ వయసు 44 ఏండ్లు. చాలమంది క్రీడాకారులు అంతకు ముందే ఆటనుండి విరమింతురు. అతడు విరమింపలేదు. ఓడినపుడు ఎదుటివాని చేయి పట్టుకొని అభినందించుటయు, అడిగినవారికి తన పట్లను దాచక చెప్పుటయు అతనికి అలవాటు. 2022లో, 58 ఏండ్లు నిండుచుండగా, టర్కీ దేశమున జరిగిన పోటీలలో అతడు మరల బల్లవద్ద నిలిచెను. అప్పుడు అతనితో చేయి కలిపినవారు వయసున అతని కుమారులవంటివారు.