తోడుకోని పాలు, తొందరపడే పరీక్ష

అర్ధరాత్రి ఫోన్లో లక్షణాలు వెతుక్కునే కుర్రాడికి చెమట పట్టినా ఎయిడ్సే, గొంతు గరగరలాడినా ఎయిడ్సే. పగలంతా చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్‌కి చదువుతాడు, రాత్రి అశోక్‌నగర్ హాస్టల్ మంచం మీద దొర్లుతాడు. కండోమ్ లేకుండా ఒక్కసారి కలిశానని ఎవరితో అంటాడు? సరే, నన్ను అడిగావనే అనుకుని చెబుతాను, వినరా.

నీది నిన్న మొన్నటి సంగతైతే కబుర్లు తర్వాత, ముందు లే. 72 గంటలు దాటకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. లోపలికొచ్చిన హెచ్‌ఐవీ, అంటే ఎయిడ్స్‌కు దారితీసే వైరస్, ఒళ్లంతా పాకడానికి కొంత వ్యవధి పడుతుంది. ఆ లోపే అడ్డుకునే మందులున్నాయి. అవసరమని డాక్టర్ అంటే 28 రోజులు మానకుండా మింగాలి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు.

ఇక అంటుకునే లెక్క. హెచ్‌ఐవీ ఉండి మందులు వాడని స్త్రీతో మామూలు కలయికలో మగవాడికి సోకే అవకాశం పదివేల సార్లకు 4 దాకా. మగవాడి నుంచి ఆడమనిషికైతే 8 దాకా. మలద్వారం ద్వారా కలయికలో, లోపలికి తీసుకునేవాళ్లకు 138. ఇవి సగటులే సుమా, సుఖవ్యాధి పుండుంటే పెరుగుతాయి. ఎదుటివాళ్లు మందులు వాడుతూ రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గించుకుని అలాగే ఉంచుకుంటే, కలయిక వల్ల అంటనే అంటదు. ఈ మాట ఇప్పటికీ చాలామందికి చేరలేదు, అదీ నా బాధ.

మర్నాడే పరీక్షకు పరిగెత్తితే ఏమీ తేలదు. తోడు వేసిన అరగంటకే మూత తీసి చూస్తే గిన్నెలో కనిపించేవి పాలే కదా! కిట్ వెతికేది చాలావరకు వైరస్‌కు విరుగుడుగా ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీల్ని. అవి తయారవ్వాలిగా. నాలుగో తరం పరీక్ష వైరస్ తాలూకు పీ24 అనే ప్రోటీన్‌ని కూడా పడుతుంది కాబట్టి, నరం నుంచి తీసిన రక్తంతో ల్యాబ్‌లో చేస్తే 45 రోజులకు నమ్మొచ్చు. వేలి చుక్కతో చేసేదానికి 3 నెలలు ఆగాలి. ఆ 28 రోజుల మందు వాడినవాళ్లకు మళ్లీ ఎప్పుడు చేయాలో డాక్టర్నే అడగాలి. గడువు దాటాక నెగెటివ్ వచ్చిందా, అయిపోయింది. వారం వారం వేలు పొడిపించుకోకు. జ్వరం, దద్దుర్లు చూసి తేల్చుకోవడం కూడా కుదరదు, మామూలు వైరల్ జ్వరమూ అలాగే ఉంటుంది.

ఇక దోమ భయం ఒకటి. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి రోనాల్డ్ రాస్ పేరుంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని ఆయన 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. అది విని, హెచ్‌ఐవీనీ దోమ మోస్తుందేమోనని భయపడేవాళ్లున్నారు. మలేరియా క్రిమి దోమలో పెరుగుతుంది. హెచ్‌ఐవీ పెరగదు, అక్కడే అరిగిపోతుంది.

సర్కారు ఆస్పత్రుల్లో ఐసీటీసీ అనే కౌన్సెలింగ్, పరీక్షల కేంద్రంలో పరీక్ష ఉచితం. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు. ఒక్క కిట్‌లో పాజిటివ్ చూపిస్తే చాలదు, వేర్వేరు కిట్లతో మూడుసార్లు సరిచూశాకే చెబుతారు. నీ ఒప్పుదల లేకుండా పరీక్ష చేయకూడదని, ఫలితం బయటపెట్టకూడదని 2017లో చట్టమే వచ్చింది. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే 1097కి ఫోన్ చెయ్యి. అన్నట్టు, రక్తం ఇవ్వడానికి ఎలాగూ చెయ్యి చాచావు గనక సిఫిలిస్‌కి కూడా చూడమను. అది ముందే దొరికితే పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో పోతుంది.