973 ఓట్ల వెనక మూడు లెక్కలు

"సాయంత్రం ఐదింటికి 68 శాతం అన్నారు, తర్వాత 80 దాటిందన్నారు. మిగతా ఓట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి తాతయ్యా?" అని అడిగావు చూడు, మంచి ప్రశ్న నాయనా. కూర్చో, చెప్తాను.

2024 మే 13న మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో శాసనసభకీ లోక్‌సభకీ ఒకేసారి ఓట్లు పడ్డాయి. చివరికి తేలింది ఈవీఎంలలో 80.66 శాతం, పోస్టల్ బ్యాలెట్లతో కలిపి 81.86. రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ మన దర్శిలోనే, 90.91.

పగలంతా టీవీలో వచ్చేది అంచనా. రైతు గట్టు మీద నిలబడి ఎకరానికి ఇన్ని బస్తాలని చెప్తాడే, అలాంటిది. కాటా తూకం పోలింగ్ అంతా ముగిశాక గానీ తేలదు. పైగా పోలింగ్ ఆరింటికి ఠక్కున ఆగదు. అప్పటికి వరుసలో ఉన్నవాళ్ళకి, చివరి మనిషితో మొదలుపెట్టి, చీటీలిస్తారు. వాళ్ళంతా వేసేదాకా పోలింగ్ నడవాల్సిందే. ఆ రోజు కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటింది.

ఏదీ, పలక తియ్యి. వెయ్యి మంది ఓటర్లున్న బూత్‌లో 900 మంది వేశారనుకో. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరుదాకా 11 గంటలు, అంటే 39,600 సెకన్లు. 900తో భాగించు. మనిషికి 44 సెకన్లు! అందులో రెండు మిషన్ల మీద రెండు మీటలు నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ వీవీప్యాట్ అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనపడుతుంది. ఒకరు లోపల నొక్కుతుంటే ఇంకొకరు సంతకం పెడుతుంటారు, మరొకరి వేలికి సిరా పూస్తుంటారు గనక 44 సెకన్లు సాధ్యమే. కానీ మధ్యలో మిషన్ అరగంట మొరాయించిందా, వరుస రాత్రిలోకి జరుగుతుంది. అందుకే రాత్రి పడినంత మాత్రాన దొంగ ఓట్లు కావు. అలాగని అడగొద్దనీ కాదు. ఇదే భాగహారం ప్రతి బూత్‌కీ చేసి చూడొచ్చు.

అలా అడగడానికి ఆధారం మూడు లెక్కలు. ఓటరు సంతకం పెట్టే 17ఏ రిజిస్టరు ఒకటి. మిషన్ మీద టోటల్ మీట నొక్కితే కనపడే అంకె రెండోది. పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ అధికారి రాసే 17సీ ఫారం మూడోది. దాని నకలు అక్కడున్న పార్టీ ఏజెంట్లకి ఇవ్వాలని నిబంధన. కౌంటింగ్ రోజున మిషన్ చూపే మొత్తం ఆ నకలుతో సరిపోవాలి. సరిపోకపోతే అక్కడికక్కడే చెయ్యెత్తాలి.

ఇంత పట్టింపెందుకంటావా? గిద్దలూరు చూడు. 2019లో మెజారిటీ 81,035. 2024లో 973. రెండొందలకు పైగా బూత్‌లున్నచోట అది బూత్‌కి ఐదు ఓట్లు కూడా కాదు! అలాంటిచోట ఒక్క బూత్ లెక్క తప్పినా జనం మనసులో అనుమానం నాటుకుపోతుంది.

ప్రశ్న ఏ ఒక్క పార్టీదీ కాదు నాయనా. 2019లో టీడీపీ నేత చంద్రబాబు నాయుడూ, దేశంలోని ఇతర ప్రతిపక్ష నేతలూ సుప్రీంకోర్టుకి వెళ్ళబట్టే శాసనసభ స్థానానికి ఒక్క బూత్‌లోనే జరిగే వీవీప్యాట్ చీటీల లెక్కింపు ఐదు బూత్‌లకి పెరిగింది. 2024లో ఒంగోలులో ఓడిన వైసీపీ అభ్యర్థి బాలినేని శ్రీనివాసరెడ్డి 12 బూత్‌ల మిషన్లు తనిఖీ చేయమన్నారు. మన యర్రగొండపాలెం నియోజకవర్గంలోని కలనూతల బూత్‌లో 2019 మే 6న మళ్ళీ పోలింగే జరిపారు. బూత్ పేరూ అంకే పట్టుకుని అడిగే ప్రశ్నకి జవాబు చెప్పి తీరాలి. ఊరికే "మోసం" అని అరిస్తే గాలికి పోతుంది.

ఆ 17సీ నకళ్ళు ఏజెంట్ల జేబుల్లో ఉంటే చాలదు. ప్రతి బూత్‌దీ ఎన్నికల సంఘం జనమందరికీ చూపాలి. నువ్వు పెద్దయ్యి ఏజెంటుగా కూర్చున్న రోజున, ఏ పార్టీవాడివైనా సరే, ఆ కాగితం చేతికి రాకుండా బూత్ వదిలి రావద్దు.