స్పెల్లింగ్‌కీ ఉంది ఓ గుణింతం

‘బీ-ఈ-ఏ-యూ-టీ-ఐ-ఎఫ్-యూ-ఎల్... బ్యూటిఫుల్!’ రాత్రి ఎనిమిదింటికి ఏ అపార్ట్‌మెంట్ మెట్లెక్కినా ఏదో ఒక తలుపు వెనక నుంచి ఈ రాగం వినిపిస్తుంది. మర్నాడు డిక్టేషన్ ఉందన్నమాట. మధ్యలో ఆపి ‘యూ తర్వాత ఏంటి?’ అని అడిగితే మళ్లీ మొదటి నుంచి అందుకోవాల్సిందే. ఇక తప్పిన మాటకు ఇంపోజిషన్ పడితే పిల్లల తెలివి చూడాలి. పేజీ పొడవునా ముందు పది ‘బీ’లు నిలువుగా దించేస్తారు, వాటి పక్కన పది ‘ఈ’లు, ఆ పక్కన పది ‘ఏ’లు. పదిసార్లు రాసినా మాట ఒక్కసారీ రాసినట్టు కాదు!

బీ-యూ-టీ ‘బట్’ అయితే పీ-యూ-టీ ‘పుట్’ ఎందుకయిందని నవ్వుకుని, ఇంగ్లీషు స్పెల్లింగుకు పద్ధతీ పాడూ లేదని తేల్చేయడం మనకు అలవాటు. అది సగమే నిజం. 26 అక్షరాలతో సుమారు 44 ధ్వనులు పలికించాలి కాబట్టి ఆ భాషలో అక్షరాలు జట్లు కట్టాయి. ఏ జట్టు మాటలో ఎక్కడ కూర్చోవాలో కూడా చాలావరకు ఖాయమైంది. 1476లో విలియం కాక్స్‌టన్ ఇంగ్లండ్‌లో అచ్చుయంత్రం పెట్టాక రాత క్రమంగా గట్టిపడింది, పలుకు మాత్రం మారుతూ పోయింది. ‘నైఫ్’ ముందున్న కే అక్షరాన్ని ఒకప్పుడు పలికేవారే. ఇలాంటి మొండి మాటలు ఉన్నాయి, కాదనలేం. కానీ ప్రైమరీ పిల్లలకు ఎదురయ్యే మాటల్లో ఎక్కువ భాగం ఏదో ఒక వరసలో నడిచేవే.

తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. తెలుగు మీడియంలో చదివిన తల్లిదండ్రులు ‘మాకేం తెలుసు, ట్యూషన్‌లో చూసుకుంటారులే’ అని తప్పుకుంటున్నారు. తప్పుకోనక్కర్లేదు. గుణింతాలు దిద్దిన ప్రతి అమ్మకూ, నాన్నకూ హ్రస్వదీర్ఘాల తేడా పట్టే చెవి ఉంది. ఇంగ్లీషు స్పెల్లింగులో సగం పని దానిదే.

‘క’ ధ్వనికి సీ రాయాలా, కే రాయాలా? క్యాట్, కాట్, కప్ సీతో మొదలవుతాయి. కిట్, కింగ్, కెటిల్ కేతో మొదలవుతాయి. అంటే క గుణింతంలో ‘కి’, ‘కె’ వైపు వెళ్తే కే, మిగతా వైపు సీ. ఎందుకంటే సీ పక్కన ఈ, ఐ, వై వస్తే అది ‘స’ అయిపోతుంది: సెంట్, సిటీ, సైకిల్. మరి కంగారూ, కరాటేల సంగతేంటని పిల్లాడు నిలదీస్తే సంతోషించండి. మొదటిది ఆస్ట్రేలియా ఆదివాసుల మాట, రెండోది జపాన్‌ది.

ఒత్తు దగ్గర మాత్రం మన తెలుగు చెవి కాస్త తికమక పెడుతుంది. మనకు ఒత్తు పెడితే హల్లు బరువెక్కుతుంది. ‘గుడి’ వేరు, ‘గుడ్డి’ వేరు. ఇంగ్లీషులో జంట అక్షరం హల్లును నొక్కి పలకమని కాదు, దాని ముందున్న అచ్చును సాగనివ్వొద్దని చెబుతుంది. ఒంటికాలి మీద గెంతే ‘హాపింగ్’లో రెండు పీలు. ఆశపడే ‘హోపింగ్’లో ఒకటే. చిన్న మాట చివర హ్రస్వం తర్వాత ఎఫ్, ఎల్, ఎస్ సాధారణంగా జంటగా వస్తాయి: ఆఫ్, బెల్, మిస్. ‘బస్’ ఈ వరసకు లొంగదు, ఎందుకంటే అది ‘ఆమ్నిబస్’ అనే పెద్ద మాటకు మిగిలిన తోక. మనం ‘బస్సు’ అంటాం కాబట్టి పిల్లలు రెండు ఎస్‌లు పెట్టేస్తారు. అలా రాసిన పిల్లాడికి మొట్టికాయ వేయకండి, వాడు రూలు ప్రకారమే రాశాడు.

చివర పలకని ‘ఈ’ వచ్చి ముందు అచ్చును సాగదీయడాన్ని బళ్లలో ‘మ్యాజిక్ ఈ’ అంటారు. క్యాప్ కేప్ అవుతుంది, కిట్ కైట్ అవుతుంది. దీనికి వర్క్‌బుక్ కొనక్కర్లేదు, ఇంట్లో సబ్బుల అర చాలు. విమ్, రిన్ మూడక్షరాల పొట్టి మాటలు. టైడ్ చివర మ్యాజిక్ ఈ ఉంది. కోల్గేట్‌లోని ‘గేట్’ కూడా అంతే. డవ్ సబ్బు దగ్గర పిల్లలు ఆగిపోతారు: ఈ ఉంది, మ్యాజిక్ ఏదీ? ఇంగ్లీషు మాటలు దాదాపుగా ‘వీ’తో ముగియవు, అందుకే అక్కడ ఈ ఊరికే తోడు కూర్చుంది. లవ్, గివ్, హ్యావ్ అన్నీ ఆ బాపతే. అయితే బ్రాండ్ పేర్లను గుడ్డిగా నమ్మకూడదు. ‘క్వాలిటీ వాల్స్’ ఐస్‌క్రీం పేరు క్యూతో కాదు, కే-డబ్ల్యూతో మొదలవుతుంది. డిక్టేషన్‌లో అలా రాస్తే మార్కు గోవిందా.

రోజుకు పది నిమిషాలు, వారానికి ఒకే వరస చాలు. పాత క్యాలెండర్ కాగితాన్ని చీటీలుగా కత్తిరించి రైన్, డే, ట్రైన్, ప్లే, టెయిల్, ట్రే అని ఇంగ్లీషులో రాసి నేల మీద పరవండి. రెండు కుప్పలు చేయమనండి. రూలు మీరు చెప్పొద్దు. కాసేపు అటూ ఇటూ జరిపి ‘అమ్మా, మధ్యలో అయితే ఏ-ఐ, చివర్లో అయితే ఏ-వై!’ అని వాళ్లే అరుస్తారు. అప్పుడు మాట చూడమనండి, మూసేసి రాయమనండి, తీసి వాళ్లనే సరిచూసుకోమనండి. పలకడం మీకు సందేహమైతే ఫోన్‌లో డిక్షనరీ గొంతు ఉండనే ఉంది.

2024లో అమెరికా స్క్రిప్స్ నేషనల్ స్పెల్లింగ్ బీ గెలిచిన తెలుగబ్బాయి బృహత్ సోమ, టై-బ్రేకర్‌లో 90 సెకన్లలో 29 మాటలకు స్పెల్లింగ్ సరిగ్గా చెప్పాడు. ఆ పోటీలో మిగతా రౌండ్లలో పిల్లలు ‘ఈ మాట ఏ భాష నుంచి వచ్చింది?’ అని అడగొచ్చు. భాష తెలిస్తే అక్షరాల వరస ఊహించొచ్చు కాబట్టే ఆ ప్రశ్న. ఛాంపియన్లకూ బట్టీ ఒక్కటే చాలదు.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మూడో తరగతికి వచ్చాక కూడా చిన్న మాటలు తడబడుతూ చదువుతుంటే, ఎంత సాధన చేయించినా అవే తప్పులు తిరిగి వస్తుంటే బద్ధకమని తిట్టకండి. డిస్లెక్సియా కావచ్చు. దానికీ తెలివితేటలకూ సంబంధం లేదు. డిస్లెక్సియాను 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కూడా గుర్తించింది. టీచరుతో మాట్లాడి, పిల్లల నిపుణులకు చూపించండి.